మన కాళ్ళ కింది నల్లరాయి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల చదువు గురించో, పెళ్ళి ఖర్చుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మాస్టర్ సాబ్, మీరు భూగోళం చెబుతారు గదా, అగ్నిపర్వతాల గురించి ఒక అరగంట చెప్పండి, పిల్లలూ వింటారు" అన్నారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పేవాణ్ణి. కాని ఇప్పుడు మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు తెలుగు బడికి పోతున్నారు గనుక తెలుగులోనే చెబుతున్నాను. ఉర్దూలో ఆతిష్ ఫిషాఁ అన్నా, హిందీలో జ్వాలాముఖి అన్నా, తెలుగులో అగ్నిపర్వతం అన్నా వస్తువు ఒకటే.

పెద్దలలో కొందరికి ఒక సందేహం రావచ్చు. అగ్నిపర్వతాలు జపానులో ఉంటాయి, ఇటలీలో ఉంటాయి; జహీరాబాదు సభలో వాటి గోల మనకెందుకు అని. జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. ఈ సాయంత్రం మన ఎజెండాలో ఒక అంశం ఉంది. మసీదు ఆవరణలోని బోరు ఎండాకాలంలో ఎండిపోతున్నది, దానికి బదులు ఇంకొక బోరు వేయించాలా వద్దా అన్నది ఆ అంశం. అది చందా డబ్బు. కూలి చేసుకునే ఇంటివాళ్ళు కూడా ఇచ్చిన డబ్బు. ఆ డబ్బును ఏ రాతిలోకి దింపుతున్నామో తెలుసుకుని దింపాలా, కళ్ళు మూసుకుని దింపాలా? మన ఊరి కింద ఉన్న నల్లరాయి ఒకనాటి లావా. దాని కథ తెలిస్తే నీళ్ళ కథ కూడా తెలుస్తుంది. అందుకే ఈ విషయం ఒప్పుకున్నాను.

లావా అంటే ఏమిటి?

భూమి లోపలికి పోయిన కొద్దీ వేడి పెరుగుతుంది. చాలా లోతున కొన్నిచోట్ల రాయి కరిగి ద్రవంగా మారుతుంది. దీన్ని శిలాద్రవం అంటారు, ఇంగ్లీషులో మాగ్మా. చుట్టూ ఉన్న గట్టిరాతికంటే ఇది తేలిక గనుక సందు దొరికితే పైకి వస్తుంది. భూమి పైకి వచ్చి పారితే దాని పేరు లావా. నల్లరాతి లావా బయటికి వచ్చేటప్పుడు దాని వేడి సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. మన పొయ్యి మీద నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. పోల్చి చూసుకోండి.

అన్ని లావాలూ ఒక్క తీరుగా ఉండవు. అందులో సిలికా అనే పదార్థం ఎంత ఉందన్నదాన్నిబట్టి దాని స్వభావం మారుతుంది. సిలికా తక్కువైతే పలుచన, ఎక్కువైతే చిక్కన. పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పళ్ళెంలో షోర్వా పోస్తే అంతటా పరుచుకుంటుంది, హలీం వేస్తే వేసినచోట కుప్పగా నిలుస్తుంది. అగ్నిపర్వతాల ఆకారాలన్నీ ముఖ్యంగా ఈ తేడాలోనే ఉన్నాయి.

ఇంకొకటి, లావాలో ఆవిరి, వాయువులు కలిసి ఉంటాయి. పలుచటి లావాలోంచి అవి తేలిగ్గా బయటపడతాయి. చిక్కటి లావాలో చిక్కుకుపోతాయి. సోడాబుడ్డిని బాగా ఊపి మూత తీస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. చిక్కటి లావా ఉన్న కొండ అలాగే పేలుతుంది.

కొండల ఆకారాలు

షోర్వావంటి లావా మళ్ళీ మళ్ళీ పారితే వెడల్పుగా, వాలు తక్కువగా, బోర్లించిన డాలులాంటి కొండ తయారవుతుంది. హవాయి దీవుల్లోని మౌనా లోవా ఇటువంటిది. సముద్రమట్టం మీద 4,169 మీటర్ల ఎత్తున్నా దూరం నుంచి చూస్తే నున్నటి దిబ్బలాగే కనిపిస్తుంది. 2022లో కూడా ఇది లావా కక్కింది.

చిక్కటి లావా ఒక పొర, బూడిద ఒక పొర, ఇలా పేరుకుంటూ పోతే నిటారైన శంఖువు వంటి కొండ వస్తుంది. జపానులోని ఫ్యూజీ అటువంటిది, ఎత్తు 3,776 మీటర్లు. ఇటలీలో వెసూవియస్ కూడా ఈ జాతిదే. క్రీ.శ. 79లో అది పేలి పాంపే నగరాన్ని బూడిద కింద పూడ్చివేసింది.

మూడో రకం చిన్నది, గులకల గుట్ట. 1943 ఫిబ్రవరిలో మెక్సికో దేశంలో ఒక రైతు మొక్కజొన్న చేలో నేల నెర్రెవిచ్చి పొగ వచ్చింది. కాలిన రాతి తునకలు ఎగిరి చుట్టూ పడుతూ గుట్ట కట్టాయి. 1952లో అది చల్లారేనాటికి ఆ చేలో 400 మీటర్లకు పైబడిన కొండ నిలిచింది. దాని పేరు పారికుటిన్. మనిషి కళ్ళముందు ఒక అగ్నిపర్వతం పుట్టి, పెరిగి, ఆగిపోయిన సందర్భమిది.

కొన్నిసార్లు కొండ కింద ఉన్న శిలాద్రవమంతా ఒక్కసారిగా బయటికి పోతుంది. కింద ఆధారం లేక పైభాగం కూలి పెద్ద పళ్ళెంలాంటి గుంట ఏర్పడుతుంది. దాన్ని కాల్డెరా అంటారు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా సరస్సు అలాంటిదే, పొడవు సుమారు 100 కిలోమీటర్లు. దాని మాట మళ్ళీ వస్తుంది.

మన దేశంలో ఇప్పటికీ బతికి ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే. అండమాన్లలో పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న ఊరికి, ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉంది. పేరు బారెన్ ద్వీపం. చాలాకాలం నిద్రపోయి 1991లో మేలుకుంది. అప్పటినుంచి విడతలు విడతలుగా పొగ, లావా కక్కుతూనే ఉంది. అక్కడ మనుషులు నివసించరు.

కొండ లేని అగ్నిపర్వతం

ఇక మన సంగతి. దక్కనులో లావా కొండ శిఖరం నుంచి రాలేదు. భూమి పొడుగునా నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లోంచి పలుచటి లావా పొంగి మైదానాల మీద వరదలాగా పారింది. ఇది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందటి మాట. ఒక వరద పారి చల్లారేది. కొంతకాలం ఆగేది. మళ్ళీ ఇంకొకటి దాని మీద పారేది. ఇలా పొరమీద పొర పడి, పడమటి కనుమల వైపు ఆ రాతి మందం సుమారు రెండు కిలోమీటర్లకు చేరింది. తూర్పుకు వచ్చిన కొద్దీ పలచబడింది. ఎన్నో భాగాలు వానకు, గాలికి అరిగిపోగా కూడా ఇవాళ మిగిలింది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర చాలాభాగం, గుజరాతు, మధ్యప్రదేశ్, ఉత్తర కర్ణాటకలో కొంత, తెలంగాణ పడమటి అంచు ఇందులో ఉన్నాయి. మన జహీరాబాదు, నారాయణఖేడు, వికారాబాదు, నిజామాబాదు పడమటి భాగం, ఆదిలాబాదు ఈ అంచులోని ఊళ్ళే.

దీన్ని పుస్తకాల్లో దక్కన్ ట్రాప్స్ అంటారు. ట్రాప్ అంటే ఇక్కడ బోను కాదు. స్వీడిష్ భాషలో మెట్లకున్న పేరునుంచి వచ్చింది. గట్టి పొర నిలుస్తుంది, మెత్తటి పొర అరుగుతుంది, అందువల్ల కొండలు మెట్లు మెట్లుగా, పైన బల్లపరుపుగా కనిపిస్తాయి. ఖుల్దాబాదుకు జియారతుకు వెళ్ళినవాళ్ళు దారిలో దౌలతాబాదు కోట చూసి ఉంటారు. ఆ కొండ శంఖువులా ఉంటుంది గనుక కొందరు అదే అగ్నిపర్వతం అనుకుంటారు. కాదు. చుట్టూ ఉన్న లావా పొరలు అరిగి కొట్టుకుపోగా మిగిలిన ముక్క అది. ఆ దగ్గరే ఎల్లోరాలో కైలాస ఆలయాన్ని 8వ శతాబ్దంలో కొండ పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. అదంతా ఇదే నల్లరాయి. మహారాష్ట్రలోనే ఉన్న లోణార్ సరస్సు గుంటను కూడా అగ్నిబిలం అనుకుంటుంటారు. అది ఆకాశం నుంచి ఉల్క పడి ఈ నల్లరాతిలో చేసిన గుంట, వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు.

ఒక వరదకూ మరో వరదకూ మధ్య ఎంతో కాలం గడిచేది. ఆ మధ్యకాలంలో రాయి మీద మట్టి కట్టేది, చెరువులు నిండేవి, మొక్కలు మొలిచేవి, నత్తలు బతికేవి. తరువాతి లావా వచ్చి వాటన్నిటినీ కప్పేసేది. అందుకే లావా పొరల నడుమ శిలాజాలు దొరుకుతాయి. మనకు దగ్గరలోనే వికారాబాదు జిల్లా నస్కల్ గ్రామంలో అలాంటి పొర ఉంది. అక్కడ దొరికిన పళ్ళనుబట్టి ఎలుకంత చిన్న పాలిచ్చే జంతువు ఒకటి ఆ కాలంలో ఉండేదని 1988లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. దక్కను పేరు అలా ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ కాలంలోనే రాక్షసబల్లులు అంతరించాయి. మెక్సికోలో పడిన పెద్ద ఉల్క దానికి ముఖ్య కారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెబుతారు. మన లావా వదిలిన వాయువుల పాలు అందులో ఎంత అన్నది ఇప్పటికీ చర్చలో ఉంది.

ఇంకో వింత వినండి. గోదావరి జిల్లాల్లో రాజమండ్రి చుట్టుపక్కల, పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు దగ్గర కూడా ఇదే నల్లరాయి ఉంది. అక్కడ క్వారీల్లో కంకర కొడతారు. దక్కను లావా ఎక్కడ, రాజమండ్రి ఎక్కడ? రాతిని పరీక్షించి చూస్తే అది పడమటి కనుమల లావాతో సరిపోయింది. అంటే ఆనాటి నదీలోయల వెంట లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు తీరానికి చేరిందన్నమాట. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటి.

చల్లారే వేగం, రాయి రకం

ఇప్పుడు రాళ్ళ సంగతి. మన ప్రాంతంలో చెరకు పండుతుంది గనుక బెల్లం పాకంతోనే చెబుతాను. పాకాన్ని నెమ్మదిగా, కదపకుండా చల్లారనిస్తే పెద్ద పెద్ద పలుకులు కడతాయి, మనం మిస్రీ అంటామే, పటికబెల్లం, అది. త్వరగా చల్లారిస్తే పలుకులు కనపడవు. రాయి కూడా అంతే.

శిలాద్రవం భూమి పైకి రాకుండా లోతునే ఉండి వేల వేల సంవత్సరాలు నెమ్మదిగా చల్లారితే పెద్ద పలుకుల రాయి అవుతుంది. అదే గ్రానైటు. గోల్కొండ కోట నిలిచిన గుట్ట, బంజారా హిల్స్ బండలు, మక్కా మసీదు రాయి అన్నీ గ్రానైటే. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హైదరాబాదు బండలను చూసి అవి లావా చిమ్మిన రాళ్ళు అంటుంటారు. అవి లోతున చల్లారినవి. పైన ఉన్నదంతా అరిగిపోయాక బయటపడ్డవి.

లావా భూమి పైన త్వరగా చల్లారితే సన్న పలుకుల నల్లరాయి అవుతుంది. దాని పేరు బసాల్టు. మన ఊరి నల్లరాయి ఇదే. పగలగొట్టి చూస్తే పలుకులు కంటికి ఆనవు. చల్లారేటప్పుడు రాయి కుంచించుకుపోతుంది గనుక, ఎండిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు, ఈ రాయి కూడా పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళు ఒక్కోచోట ఎంత వరుసగా వస్తాయంటే రాయి అంతా నిలువు స్తంభాలుగా విడిపోతుంది. బొంబాయి అంధేరీలో గిల్బర్ట్ హిల్ అనే గుట్ట అలాంటి స్తంభాల కట్ట.

లావా ఒక్కసారిగా చల్లారితే పలుకులు కట్టే తీరికే ఉండదు. నల్ల గాజులాగా అవుతుంది. దాన్ని అబ్సీడియన్ అంటారు. గాలి నురగతో గడ్డకడితే ప్యూమిస్, కాళ్ళు రుద్దుకునే తేలిక రాయి. ఇది నీళ్ళలో తేలుతుంది. 1883 ఆగస్టులో ఇండోనేషియాలో క్రకటోవా పేలినప్పుడు 36 వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది సముద్రపు ఉప్పెనకే. ఆ పేలుడులో పుట్టిన ప్యూమిస్ తెట్టులు హిందూ మహాసముద్రం మీద నెలల తరబడి తేలాయి.

పేలుడులో రాయి పొడిపొడి అయితే అదే అగ్నిపర్వత బూడిద. కట్టెల బూడిదలాంటిది కాదు, సన్నటి గాజు పొడి. కర్నూలు ప్రాంతంలో జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. పేరులో జ్వాల ఉన్నది గాని అక్కడ అగ్నిపర్వతం ఏదీ లేదు. అయినా ఆ ఊరి నేలలో తెల్లటి బూడిద పొర మందంగా ఉంది. అది ఇందాక చెప్పిన తోబాది. సుమారు 74 వేల సంవత్సరాల కిందట తోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. ఆ పొర కిందా, పైనా కూడా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రచురించారు. అంత పెద్ద విపత్తు తరువాత కూడా మనిషి ఇక్కడ నిలబడ్డాడన్నమాట.

ఇక నల్లరాతిలోని బుడగల సంగతి. లావా పొర పైభాగంలో వాయువు బుడగలు చిక్కుకుని, నాన్ రొట్టెలో చిల్లుల్లాగా చిల్లులు ఏర్పడతాయి. తరువాత లక్షల ఏళ్ళు నీరు వాటిలోంచి ఊరుతూ, సిలికాను పొరలు పొరలుగా నింపుతుంది. అలా పుట్టిందే అకీకు. మీలో చాలామంది వేళ్ళకు అకీకు ఉంగరం ఉంది. గుజరాతులో ఖంబాత్ పనివాళ్ళు శతాబ్దాలుగా అకీకు సానబట్టి దేశదేశాలకు పంపుతున్నారు. ఆ రాయి పుట్టిల్లు ఈ దక్కను లావాయే. లావా కొండలు అరిగినా అకీకు అరగక గులకలతో కలిసి కిందికి వచ్చి దొరుకుతుంది.

మదీనా చుట్టూ నల్లనేల

హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళివచ్చినవారు మదీనా చుట్టుపక్కల నల్లటి, గరుకైన రాతి నేల చూసి ఉంటారు. అరబ్బీలో దాన్ని హర్రా అంటారు. మదీనాకు తూర్పున, పడమట హర్రాలున్నాయి. హర్రా అంటే లావా పారి గడ్డకట్టిన భూమే. మదీనా నుంచి దక్షిణంగా మక్కా వైపు సుమారు 300 కిలోమీటర్లు సాగిన హర్రత్ రహత్ సౌదీ అరేబియాలోని పెద్ద లావా నేలల్లో ఒకటి.

అది పూర్తిగా పాతకాలపు ముచ్చట కూడా కాదు. హిజ్రీ 654లో, అంటే క్రీ.శ. 1256లో, కొన్ని రోజులు భూమి కంపించి, మదీనాకు ఆగ్నేయంగా నేల విచ్చి లావా వచ్చింది. ఏడు వారాలకు పైగా పారింది. ప్రవాహం సుమారు 23 కిలోమీటర్లు సాగి, నగరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆగింది. ఆనాటి చరిత్రకారులు ఆ రోజుల గురించి రాసి పెట్టారు. 2009లో కూడా సౌదీ వాయవ్యాన హర్రత్ లునయ్యిర్‌లో వేల సంఖ్యలో చిన్న భూకంపాలు వచ్చాయి. శిలాద్రవం పైకి వస్తున్నదని గుర్తించి ప్రభుత్వం 30 వేల మందికి పైగా ఖాళీ చేయించింది. అది బయటికి రాలేదు, జనం తిరిగి ఇళ్ళకు వెళ్ళారు. భూమి ముందుగా సూచన ఇస్తుంది. చదవగలిగినవాళ్ళుంటే ప్రాణాలు దక్కుతాయి.

రాయినుంచి నేల, నేలనుంచి నీరు

ఇప్పుడు మన ఎజెండా దగ్గరికి వస్తున్నాను.

బసాల్టు రాయి ఎండకు, వానకు చివికితే నల్లరేగడి అవుతుంది. తేమ పట్టి ఉంచుతుంది గనుక పత్తికి, జొన్నకు, శనగకు మంచిది. కాని తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రేగడి మీద పునాది లోతుగా తీయకపోతే గోడ పగులుతుంది. మన వీధుల్లో అలాంటి గోడలు అందరికీ తెలిసినవే.

ఎక్కువ వాన, ఎక్కువ వేడి ఉన్న కాలాల్లో అదే బసాల్టు ఇంకా చివికి, సున్నం, సిలికా కడుక్కుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలితే ఎర్రటి చిల్లుల రాయి అవుతుంది. దీన్ని లాటరైటు అంటారు. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఆయన కేరళలో జనం దీన్ని ఇటుకల్లాగా కోసుకోవడం చూసి, లాటిన్‌లో ఇటుకకున్న పేరునుబట్టి ఆ పేరు పెట్టాడు. మన జహీరాబాదు ఎర్రనేల, మూసీ పుట్టిన అనంతగిరి కొండల పైపొర ఇదే.

ఈ ఎర్రరాయికి చిల్లులున్నాయి గనుక వాననీటిని తాగుతుంది. దాని కింద ఉన్న గట్టి నల్లరాయి తాగదు. అందుకని రెండింటి మధ్య నీరు నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్ళు 15వ శతాబ్దంలో మన పక్కనే ఏం చేశారో చూడండి. బీదరు కూడా ఎర్రరాతి పీఠభూమి మీదే ఉంది. జహీరాబాదు, నారాయణఖేడు 1956 దాకా ఆ బీదరు జిల్లాలోనివే. బహమనీ సుల్తానులు అక్కడ రాజధాని పెట్టినప్పుడు ఇరాన్ పద్ధతిలో కరేజ్ తవ్వించారు. భూమి లోపల సన్నటి వాలుతో కిలోమీటర్ల పొడవున సొరంగం, మధ్య మధ్య గాలికి, వెలుతురుకు నిలువు బావులు. ఎర్రరాయీ నల్లరాయీ కలిసేచోట ఊరే నీటిని ఆ సొరంగం పట్టి కోటకు, ఊరికి చేర్చింది. మోటార్లు లేవు, కరెంటు లేదు. రాతిని చదివారు, నీరు తాగారు. కోట చుట్టూ ఉన్న మూడు వరుసల కందకం కూడా ఆ ఎర్రరాతిలో తొలిచిందే. బిద్రీ సామానుకు నలుపు తెప్పించే మట్టి కూడా ఆ కోటదే.

మరి మన బోర్ల సంగతేమిటి? లావా ఒక్కొక్క పొరలో మూడు భాగాలు గుర్తుపెట్టుకోండి. పైభాగం బుడగలతో, చిల్లులతో ఉంటుంది. నడుమభాగం గట్టిగా, బిగుతుగా ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య ఒక్కోచోట ఎర్రటి కాలిన మట్టి ఉంటుంది. నీరు చివికిన పైరాతిలో, బుడగల భాగంలో పగుళ్ళున్నచోట, పొరలు కలిసేచోట దొరుకుతుంది. గట్టి నడుమభాగంలో పగులు లేకపోతే ఎంత లోతుకు పోయినా దుమ్మే వస్తుంది. పక్కపక్క చేలల్లో ఒక బోరు పారి, ఒకటి ఎండడానికి ఇదే కారణం. లోతుకు పోతే నీళ్ళు తప్పవు అన్న మాట ఇసుక నేలల్లో కొంత చెల్లుతుందేమో గాని, నల్లరాతిలో చెల్లదు.

నాకు తెలిసిన ఒకాయన మూడు బోర్లు వేయించాడు. మొదటిదానికి పొదుపు డబ్బు, రెండోదానికి అప్పు, మూడోదానికి బిడ్డ పెళ్ళికి దాచిన బంగారం పోయింది. మూడింట్లోనూ పొడి తప్ప తడి రాలేదు. మూడుసార్లూ ఎక్కడ వేయాలో చెప్పింది కొబ్బరికాయ పట్టుకుని నడిచిన మనిషే. ఏ బోరులో ఎన్ని అడుగుల దగ్గర ఏ రంగు పొడి వచ్చిందో ఒక కాగితం మీద ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన కష్టజీవి. ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయనకు ఈ రాతి సంగతి చెప్పే మనిషి దొరకలేదన్నదే నా బాధ.

అందువల్ల ఈ సభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి. కొత్త బోరుకు డబ్బు కట్టే ముందు భూగర్భ జల శాఖ వారికి అర్జీ పెట్టి, చోటు పరీక్ష చేయించుకుందాం. వాళ్ళు వద్దంటే ఆగుదాం. ఆగితే మనకు నామోషీ ఏమీ లేదు.

రెండు. మన వీధుల్లో ఇప్పటికే ఉన్న బోర్లు, పాత బావుల లెక్క రాద్దాం. ఎంత లోతు, ఏ రాయి, ఎండాకాలంలో నీరెంత అన్నది. ఈ పని తొమ్మిది, పది తరగతుల పిల్లలు చేయగలరు. నేను వాళ్ళతో తిరుగుతాను.

మూడు. రోజుకు ఐదుసార్లు వజూ చేసిన నీరు ఇప్పుడు మురికి కాలువలోకి పోతున్నది. దాన్ని, కప్పు మీద పడే వాననీటిని ఒక ఇంకుడు గుంతలోకి తిప్పుదాం. మన పైన ఎర్రరాయి ఉంది, అది తాగుతుంది. బోరు ఖర్చులో చిన్న భాగంతో ఈ పని అవుతుంది. నీళ్ళు వృథా చేయరాదని చిన్నప్పటినుంచీ వింటున్నవాళ్ళమే గదా.

నాలుగు. కొత్త బోరు వేసినా వేయకపోయినా, ఊరి పాత బావులను చెత్తతో పూడ్చవద్దు. బీదరు కరేజును కూడా కొన్నాళ్ళు మట్టితో, చెత్తతో నిండనిచ్చారు; తరువాత దాన్ని శుభ్రం చేయడానికి ఎంతో శ్రమపడవలసి వచ్చింది. పూడ్చడం ఒక పూట పని, తీయడం ఏళ్ళ పని.

పిల్లలకు ఒక్క మాట. పరీక్షలో "అగ్నిశిలలు అనగానేమి" అన్న ప్రశ్నకు ఐదు మార్కుల జవాబు మీకు నోటికి వచ్చు. వచ్చిన జవాబును బయట చూసి సరిచూసుకోండి. సెలవుల్లో అమ్మమ్మగారింటికి, నానీ ఇంటికి పోయినప్పుడు ఆ ఊరి రాయి పిడికెడంత ఒకటి తెండి. ఊరు పేరు, దొరికినచోటు కాగితం మీద రాసి దానితో కట్టండి. నల్లదా, ఎర్రదా, పలుకులున్నాయా, చిల్లులున్నాయా చూడండి. సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగా ఉంది. అందులో పెడదాం. వచ్చే సంవత్సరానికి మన జిల్లా రాళ్ళ బొమ్మ మన చేతుల్లో ఉంటుంది. ఇందులో ఉర్దూ మీడియం, తెలుగు మీడియం తేడా లేదు. ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా అసలే లేదు.

6.6 కోట్ల సంవత్సరాల కిందట నిప్పుగా పారినది ఇవాళ మనకు పంట నేల, ఇంటి పునాది, తాగే నీటికి కుండ. కుండ ఎక్కడ నిండుతుందో, ఎక్కడ చిల్లుందో తెలుసుకుని వాడుకుందాం. ఎజెండాలో తరువాతి అంశం బోరు విషయమే గనుక, చర్చ మొదలుపెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.